వరాలు ఊపిరిలో మంచు

జనవరి 9, 2025. కిరందుల్.

ఇరవై ఏడేళ్లుగా రోజూ బ్లాస్టింగ్ రిపోర్టు రాసి సంతకం పెడుతున్నాను. ఎన్ని హోల్స్, ఎంత లోతు, ఎంత పేలుడు మందు, ఎన్ని గంటలకు పేలింది. అందులో నా సొంత మాట ఒక్కటి కూడా ఉండదు. ఈ రోజు ఇనుప గనిలో రిజిస్టరు మార్చారు. పాతదానిలో నలభై కాగితాలు ఖాళీగా మిగిలితే ఇంటికి తెచ్చుకున్నాను. ఆఫీసులో హిందీ, సంతలో హల్బీ. తెలుగులో రాసి చాలా ఏళ్లయింది. అక్షరాలు కోడి కెలికినట్టు పడుతున్నాయి. ఎవరూ చూడరు కాబట్టి ఫరవాలేదు.

రాయడానికి కారణం నా భార్య వరాలు. మూడేళ్ల కిందట వైజాగులో ఆమె ఎడమ ఊపిరితిత్తి కింది భాగం కోసి తీసేశారు. క్యాన్సరు పోయిందన్నారు. మొన్నటి స్కాన్‌లో కుడివైపు ఒక మచ్చ కనిపించింది. చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. అదే. ఒకటి పాయింటు ఏడు సెంటీమీటర్లు. "చింతగింజంత" అన్నాడు ఇక్కడి డాక్టరు. అది ఓదార్పో ఏమో నాకర్థం కాలేదు. మళ్లీ కోయాలంటే వరాలుకు ఊపిరి చాలదట. వేరే పద్ధతులున్నాయి, హైదరాబాదు వెళ్లండి అని కాగితం రాసిచ్చాడు.

వరాలు అంతా విని, "సరే, ఎల్దాం. పప్పు నానబోసేసినాను, రేపు అట్లు తినేసి మరీ ఎల్దాం" అంది. ఆమెకు పెళ్లినాటి నుంచీ అంతే. నేను కూడా గట్టిగానే ఉన్నాను. నాకేం భయం లేదు.

జనవరి 10

హెల్మెట్ లేకుండా కొండెక్కాను. డ్రిల్లు నడిపే మంగు చూసి వెనక్కి పంపాడు. పద్దెనిమిదేళ్లుగా అతను హోల్ వేస్తాడు, నేను మందు నింపుతాను. నన్ను వెనక్కి పంపడం ఇదే మొదటిసారి.

జనవరి 22. హైదరాబాద్.

డాక్టరమ్మకు ముప్పయ్యయిదు కూడా ఉండవు. మా గనిలో అయితే ఆ వయసువాళ్ల చేతికి ఇంకా మందు గది తాళాలు ఇవ్వరు. ఆ అనుమానంతోనే కూర్చున్నాను.

కాగితం మీద ఊపిరితిత్తి బొమ్మ గీసింది. మచ్చను కోయరట, కాల్చరట. గడ్డకట్టిస్తారట. స్కాన్ మిషన్‌లో చూసుకుంటూ పక్కటెముకల సందులోంచి సన్నటి బోలు సూదిని మచ్చలోకి దించుతారు. అందులోకి ఆర్గాన్ గ్యాసు వదిలితే సూది మొన చుట్టూ మంచుముద్ద కడుతుంది. సున్నాకు దిగువన నూరు డిగ్రీలు దాటిన చలి. ఆ చలికి క్యాన్సరు కణాలు చచ్చిపోతాయి. తరువాత కరగనిస్తారు, మళ్లీ గడ్డకట్టిస్తారు. ఆర్గాన్ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా వర్క్‌షాపులో వెల్డింగుకు వాడేది అదే.

ఇక నేనూ ఊరుకోలేదు. ఎన్ని హోల్స్ వేస్తారు? కోణం ఎంత? లోతు ముందే కొలుస్తారా, దించేటప్పుడు కొలుస్తారా? మనిషి ఊపిరి తీసినప్పుడు మచ్చ కదులుతుంది కదా, అప్పుడు సూది పక్కకు పోదా? అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, "మీరేం పని చేస్తారండీ?" అని అడిగింది.

"బ్లాస్టర్నమ్మా."

"అయితే మీకు చెప్పడం తేలిక. సరైన చోట దించడమే మా పనిలో సగం." నవ్వింది. వెంటనే నవ్వు ఆపి వరాలు వైపు తిరిగింది. "పూర్తిగా నయం చేస్తానని మాటివ్వలేనమ్మా. కానీ మచ్చ చిన్నది, ఒక్కటే ఉంది. ఈ పద్ధతికి సరిపోతుంది. మీకున్న ఊపిరి మీకు మిగులుతుంది. అవసరమైతే మళ్లీ చేయొచ్చు."

ఆ తరువాత స్కాన్‌ల గురించి కూడా చాలాసేపు చెప్పింది. నేను ఇంకా కోణం దగ్గరే ఉన్నాను. ఐదో ఎముకకూ ఆరో ఎముకకూ మధ్య అంటే వెనకనుంచి ఎంత వంపు వస్తుందా అని ఆలోచిస్తున్నాను. వరాలు తలూపుతూ వింది.

బయటికొచ్చాక, "మావా, ఆయమ్మని పరీచ్చ పెట్టినట్టు అడిగినావు. పాసయినాదా?" అంది.

పాసయింది.

ఫిబ్రవరి 4

ఈ రోజు చేశారు.

ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్లారు. నేను ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకున్నాను. వార్డు ఆయా తన స్టూలు తెచ్చి నాకు వేసి, తను నిలబడింది. పేరు అడగాలన్న జ్ఞానం కూడా లేకపోయింది. ఇప్పుడు బాధగా ఉంది.

గనిలో నేను పేల్చేటప్పుడు అందరూ దూరంగా వెళ్లి దాక్కుంటారు. నేనొక్కణ్ణే దగ్గరుంటాను. ఇక్కడ తిరగబడింది. తలుపు అవతల ఎవరో పని చేస్తున్నారు, నేను దూరంగా దాక్కున్నవాళ్లలో ఒకణ్ణి. దాక్కోవడం ఇంత కష్టమని మావాళ్లెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

పదకొండుకి డాక్టరమ్మ వచ్చి నన్ను లోపలి గదికి పిలిచింది. తెర మీద బొమ్మ చూపించింది. మచ్చలో సూది మొన. చుట్టూ పొగమంచు పట్టినట్టు తెలుపు. "మూడుసార్లు గడ్డకట్టించాం, మధ్యలో కరగనిచ్చాం. మచ్చ చుట్టూ సెంటీమీటరు దాకా మంచు పట్టింది. మేం కోరుకున్నది అదే" అంది.

సూది సరిగ్గా నడిమధ్యన ఉంది. నా ఉద్యోగం మొత్తంలో అంత నేరుగా ఒక్క హోల్ పడలేదు. మంగుకు చెబితే కోపమొస్తుంది కానీ నిజం. చేతులెత్తి మొక్కాను. ఆ పిల్ల సిగ్గుపడి, "అయ్యో, అలా వద్దండీ" అంటూ వెనక్కి జరిగింది. మొక్కకుండా ఉండలేకపోయాను.

ఫిబ్రవరి 5

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని పక్కన గొట్టం వేశారు. ఇలా కావచ్చని ముందే చెప్పారట. నాకెవరూ చెప్పలేదని నర్సు మీద అరిచాను. సంతకం పెట్టిన కాగితంలో రెండో పేరాలోనే ఉంది. సంతకం నాదే. వెళ్లి క్షమించమన్నాను. ఆమె టీ తాగమంది.

వరాలును అడిగాను, లోపల చల్లగా అనిపించిందా అని. "ఏటీ తెల్దు. ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టినాను. సగం నిద్దర్లో ఉన్నాను. మన చింతపులుసు కల్లోకొచ్చినాది."

ఫిబ్రవరి 7

గొట్టం తీసేశారు. తను నడిచి బాత్రూముకు వెళ్లింది. ఇంతకన్నా రాయాలని ఉంది, మాటలు రావడం లేదు.

ఫిబ్రవరి 15. కిరందుల్.

ఇంటికి వచ్చాం. క్వార్టరు తాళం తీసేసరికి వాకిలి ఊడ్చి ఉంది. పక్కింటి ఊర్మిల చేసిన పని. ఛత్తీస్‌గఢీ మనిషి, వరాలుతో పదేళ్లుగా ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటారు, ఇద్దరికీ అన్నీ అర్థమవుతాయి. మంగు కుంట ఊళ్లోని తన పొలం నుంచి ఉలవలు తెచ్చాడు. "వదినకు పెట్టు అన్నా. నువ్ తినకు, నీకు గ్యాసు" అన్నాడు.

ఇంతమంది మంచివాళ్ల మధ్య బతుకుతున్నానని నాకు ఇన్నాళ్లూ తెలియదు. తెలుసుకోవడానికి ఇలాంటిది రావాలా అని దేవుడి మీద కోపం కూడా ఉంది. రెండూ ఉన్నాయి.

మార్చి 8. జగదల్‌పూర్.

నెల స్కాన్ ఇక్కడే తీయించి, రిపోర్టు ఫోన్లో పంపమంది డాక్టరమ్మ. తీయించాం. హైదరాబాదు కాగితాలున్న సంచి ఇంట్లోనే మరిచాను. స్కాన్ గదిలో అబ్బాయికి పాత సైజు మాత్రం చెప్పాను. చాలదా?

వరాలు రసగుల్లా తింది. రెండు.

మార్చి 10

రిపోర్టు ఫోన్‌కి వచ్చింది.

మూడు పాయింటు ఆరు.

ఇంగ్లీషులో ఇంకా ఏదో ఉంది. "పాతదానితో పోలిస్తే పెరిగింది" అన్నంతవరకు నాకు చదవడం వచ్చు.

ఒకటి పాయింటు ఏడు. మూడు పాయింటు ఆరు.

మార్చి 11

డాక్టరమ్మకు పంపలేదు. రేపు పంపుతాను.

"రిపోర్టు వచ్చినాదేటి?" అని వరాలు అడిగింది. వాళ్ల మిషను పాడయిందట అన్నాను. అంత తేలిగ్గా అబద్ధం వస్తుందనుకోలేదు.

మార్చి 12

మందు పేలకుండా హోల్‌లో ఉండిపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటాం. దానికి పద్ధతి ఉంది. చూసినవాడు అరవకూడదు. పరుగెత్తకూడదు. ఎర్ర జెండా పాతి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా, తనొక్కడే కాపలా ఉండాలి. ముందు తన గుండె కుదుటపడాలి, తరువాతే ఎవరికైనా చెప్పాలి. ఇరవై ఏడేళ్లలో పదకొండు మిస్‌ఫైర్లు చూశాను. ఒక్కరికీ గోరు ఊడలేదు.

ఇది కూడా అంతే. కాపలా ఉన్నాను. దాచడం లేదు.

మార్చి 14

హోళీ. ఊర్మిల వచ్చి వరాలు బుగ్గకు రంగు పూసింది. ఏటా తలుపేసుకుని కూర్చునే నేను ఈసారి వాకిట్లో నిలబడి పూయించుకున్నాను. వరాలు నన్ను వింతగా చూసింది.

సాయంత్రం కూర బాగుందన్నాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మార్చి 16

ఇన్నేళ్లుగా చిత్రకోట్ జలపాతానికి తీసుకెళ్లమని అడుగుతోంది. దుమ్ము, జనం, సెలవు లేదు అని ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాణ్ణి. ఈ రోజు నేనే బయల్దేరదీశాను. మార్చిలో అక్కడేం నీళ్లుంటాయి. రాళ్ల మీంచి నాలుగు పాయలు సన్నగా పడుతున్నాయి.

"వానాకాలం రావాల్సింది మావా. అప్పుడొద్దాం" అంది.

నేను చెప్పుల్లో రాయి దూరిందని వంగాను. చాలాసేపు వంగే ఉన్నాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో నా చెయ్యి పట్టుకుంది. పెళ్లయిన కొత్తలో కూడా అలా పట్టుకోలేదు. తనకు ఏమైనా అనుమానమొచ్చిందా? రాలేదు. ఫోను నా జేబులోనే ఉంది.

మార్చి 18

వరాలు ఎండు నెత్తళ్ల చేపలు, వంకాయ వండింది. నాకు ప్రాణం. మందులు మొదలైన దగ్గర్నుంచి ఆ వాసన పడక ఇంట్లోకే రానివ్వలేదు. ముక్కుకు కొంగు కట్టుకుని మరీ వండింది. ఎందుకే అంటే "తిను మావా, కడుపునిండా తిను" అంటూ పక్కన కూర్చుని నేను నమలడం చూసింది.

నేను బీడీ ముట్టించినా ఏమీ అనలేదు. లేచి వెళ్లిపోయింది. వంటింట్లో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మార్చి 19

డాక్టరమ్మకు పంపలేదు. పంపితే ఆమె ఆ మాట అంటుంది. అనేవరకు అది లేనట్టే కదా.

మార్చి 21

మంగు అన్నం డబ్బా పట్టుకుని నా పక్కకు వచ్చాడు. "ఏంది అన్నా, గట్ల కూసున్నవ్?"

"ఏం లేదు."

"దగ్గు గిట్ల వస్తున్నదా?"

"నాకెందుకొస్తుంది?"

"ఛాతీల నొప్పి?"

"ఏంట్రా నీ గోల?"

"ఊకెనే అడిగిన." మళ్లీ నా వైపు చూసి, "కొండ ఎక్కుతుంటే ఆయాసం లేదు కదా?" అన్నాడు. తిట్టి పంపాను. ఈ మధ్య అందరికీ నా మీదే కన్ను. ఉండవలసిన వరాలు మీద లేదు.

మార్చి 24

రోజూ సాయంత్రం ఇద్దరం వాకిట్లో కూర్చుంటున్నాం. పేచీ లేదు, దెప్పడం లేదు. ఏదడిగితే అది ఆమె ఇస్తుంది, ఏమంటే అది నేనొప్పుకుంటున్నాను. కొత్త దంపతుల్లా ఉన్నామని ఊర్మిల నవ్వింది. నాకు ఈ ఇంట్లో ఊపిరాడటం లేదు.

మార్చి 27

అంతా పూర్తిగా రాయాలి. ఒక్కటీ వదలకూడదు.

బ్లాస్టింగ్ ఉన్న రోజు మా ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టేస్తాం. ఫోన్ తరంగాలకు మందు పేలే ప్రమాదముందని నియమం. ఈ రోజు పదకొండింటికి హైదరాబాదు నుంచి నాకు ఫోను చేశారట. తియ్యకపోయేసరికి వరాలుకు చేశారు. నెల స్కాన్ పంపలేదేం, తీయించారా లేదా అని. ఎనిమిదో తారీఖునే తీయించామని ఆమె చెప్పింది.

నేను షిఫ్టు దిగి వచ్చేసరికి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. హైదరాబాదు కాగితాల సంచి ఒళ్లో ఉంది.

"రిపోర్టు ఎప్పుడొచ్చినాది మావా?"

"మిషను..."

"ఫోనియ్యి."

ఇచ్చాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. తెర మీద వేలు పెట్టి వెతుక్కుంది. "మూడు పాయింటు ఆరు" అని పైకి చదివింది. నేను కళ్లు మూసుకున్నాను. పేలుడు చప్పుడుకు ఎప్పుడూ మూయనివాణ్ణి.

"ఇదా?" అంది. "దీనికా?"

కళ్లు తెరిచాను. ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూ నవ్వుతోంది. "నీకే ఏదో వచ్చినాదనుకున్నాను మావా! ఆ దుమ్ములో ఇన్నేళ్లు పన్జేసినావు. మనిషివి మారిపోనావు. కూర బాగున్నాదన్నావు, రంగు పూయించుకున్నావు, సిత్రకోటు తీసుకెల్లినావు. సావు దగ్గరకొచ్చినోడు సేసినట్టు సేసినావు. కంపినీ ఆస్పత్రిలో నీకేదో సెప్పీసుంతారు, నా ఒంట్లో బాలేదని నాకు దాస్తన్నాడు అనుకున్నాను. దగ్గుతన్నాడేమో సూడమని ఆ మంగుని బతిమాలుకున్నాను."

నెత్తళ్ల కూర ఎందుకు వండిందో అప్పుడర్థమైంది.

"నాకేం లేదే," అన్నాను. "నీకే పెరిగింది." పదిహేడు రోజుల తరువాత ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. వచ్చాక ఆగలేదు. వాకిట్లో, పట్టపగలు, దారినపోయేవాళ్లు చూస్తుండగా ఏడ్చాను.

ఆమె కొంగుతో తన మొహం తుడుచుకుని, నా మొహం తుడిచింది. "పెరగనేదు. మచ్చొక్కటే కాదు, సుట్టూరా ఇంత మంచి కండ కూడా కలిపి గడ్డకట్టిత్తారు. అదంతా వాసి, తెల్లగా పెద్దగా అగుపిస్తాది. మొదటి స్కానులో రెట్టింపున్నా బయపడొద్దు, తరవాత నెమ్మదిగా ముడుసుకుంటాది అని ఆయమ్మ నీ ముందరే సెప్పినాది. నువ్వేమో సూది వంకరెంత అని లెక్కలేసుకుంతన్నావు."

నేను వంగి ఫోను తెర మీది అంకెను మళ్లీ చూశాను.

"నువ్వు కొండరాయి పేల్సినాక ఆ గుట్ట ముందుకన్నా పెద్దదవుతాదా, సిన్నదవుతాదా?"

"పెద్దదే."

"ఎంత?"

"ఒకటిన్నర రెట్లు."

"మరి? ఇరవై ఏడేళ్లు నువ్వు సేసిన పని నాకు తెలిసినంత నీకు తెల్దేటి?"

పగిలిన రాయి పగలని రాయి కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. ట్రైనీలకు మొదటి రోజు చెప్పే పాఠం. నేనే చెబుతాను. నవ్వొచ్చింది, సిగ్గేసింది. అంతలో ఆమె మొహం మారింది. ఇప్పటిదాకా చూడనంత కోపం.

"అది పెరిగినాదే అనుకో. నిజంగానే పెరిగినాదే అనుకో. నాకు సెప్పకుండా నువ్వెవరివి? డాకటరుకి పంపకుండా నువ్వెవరివి? ఊపిరి నాది. నువ్వొక్కడివీ మోసీసి, నన్ను సిత్రకోటు తీసుకెల్తే సరిపోద్దేటి?"

మిస్‌ఫైర్ పద్ధతి చెప్పబోయాను. రెండు మాటలు చెప్పి ఆగిపోయాను. ఆ పద్ధతి రాళ్లకు. రాళ్లకు తెలియాల్సిన అవసరం లేదు. ఆమెకు ఉంది.

"తప్పయింది" అన్నాను. పెళ్లయినాక ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కపెడితే వేళ్లు మిగిలిపోతాయి.

"ఇక కాయితం ముందు నా సేతికి రావాలి."

సరే అన్నాను.

మార్చి 28

రిపోర్టు, హైదరాబాదు కాగితాలు రెండూ కలిపి డాక్టరమ్మకు పంపాను. మధ్యాహ్నానికి ఆమే ఫోను చేసింది. ఫోను వరాలు చేతిలోనే ఉంది, నేను పక్కన.

"అనుకున్నట్టే ఉందమ్మా. మంచు పట్టిన మేర అంతా కనిపిస్తోంది. స్కాన్ తీసినవాళ్లకు మీకు చేసిన చికిత్స సంగతి తెలియదు కాబట్టి పెరిగిందని రాశారు. అయితే లోపల ఏమైనా మిగిలిందా లేదా అన్నది ఇప్పుడే చెప్పలేను. మూడో నెలకు, ఆరో నెలకు తగ్గుతూ పోవాలి. ఆరో నెలది ముఖ్యం." తరువాత నన్ను పిలిచింది. "చిన్నారావుగారూ, ఈసారి ఏమీ కాలేదు. నిజంగా తేడా ఉండి ఉంటే పదిహేడు రోజులు తక్కువ కాదు."

తలవంచుకుని విన్నాను. ఆమెను ఇంక మనసులో కూడా పిల్ల అనను.

మార్చి 29

కూరలో ఉప్పెక్కువైందన్నాను. "మా మావ తిరిగొచ్చినాడు" అని వరాలు ఊర్మిలకు గోడ మీంచి చెప్పింది.

మే 6

మూడో నెల స్కాన్. రిపోర్టు వరాలు ఫోనుకే వచ్చింది. నేను నీళ్ల కుండ దగ్గర నిలబడ్డాను. చదివి, రెండు పాయింటు రెండు అంది. తగ్గుతోంది.

నేను కుండలో నీళ్లు తాగడం మరిచి గ్లాసు పట్టుకుని గనికి బయల్దేరానట. గేటు దాకా వచ్చి ఆమె లాక్కుంది.

జూన్ 30

వానలు. సగం రోజులు బ్లాస్టింగ్ లేదు. ఆరో నెల దగ్గరపడుతోంది. ఇద్దరికీ భయంగా ఉందని ఇద్దరం చెప్పుకున్నాం. చెప్పుకుంటే తగ్గుతుందని అంటారు. తగ్గలేదు. కానీ ఒకే గదిలో కూర్చుని భయపడవచ్చు. అది చాలా మేలు.

ఆగస్టు 7. హైదరాబాద్.

డాక్టరమ్మ ఫిబ్రవరి నుంచి తీసిన బొమ్మలన్నీ వరుసగా తెర మీద పెట్టింది. మొదట చింతగింజ. తరువాత పెద్ద తెల్ల ముద్ద. తరువాత చిన్న ముద్ద. చివరిదానిలో సన్నటి గీత, ఎప్పుడో మానిన దెబ్బ తాలూకు మరకలా. చక్కెర మందు ఎక్కించి తీసే ఇంకో స్కాన్ కూడా చేశారు. క్యాన్సరు మిగిలి ఉంటే అక్కడ వెలుగుతుందట. ఎక్కడా వెలుగు లేదు.

"ప్రస్తుతానికి ఏమీ లేదు" అంది. "ప్రస్తుతానికి అని ఎందుకంటున్నానో మీకు తెలుసు. ఆరు నెలలకోసారి చూస్తూనే ఉండాలి. మళ్లీ ఎక్కడైనా చిన్నది కనిపిస్తే, చిన్నగా ఉండగానే చూసుకుందాం."

వరాలు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఏదో అనబోయి అనలేక, "మీ అమ్మ కడుపు సల్లగుండ" అంది. డాక్టరమ్మ కళ్లు తడిశాయి. నేను ముక్కు చీదుకున్నాను, గట్టిగానే.

కిందికి దిగాక పోయినసారి స్టూలు ఇచ్చిన ఆయా కోసం రెండంతస్తులు వెతికాను. దొరికింది. పేరు జోగే. భద్రాచలం అవతల చింతూరు మనిషి. నేను ఎవర్నో ఆమెకు గుర్తు లేదు. రోజుకు ఎంతమందికి స్టూలు ఇస్తుందో. గుర్తు లేకపోయినా పరవాలేదని, నా భార్య బాగుందని చెప్పాను. "మంచిగైంది సారూ" అంటూ చేతిలోని బకెట్టు కింద పెట్టి మరీ నవ్వింది.

దేవుడి మీద కోపం ఏమైందో వెతుక్కున్నాను. ఉంది కానీ పని మానేసింది.

ఆగస్టు 8. దారిలో.

కుంట దగ్గర శబరి నిండుగా పారుతోంది. సుక్మా దాటాక అడ్డదారి వానకు బాగాలేదని డ్రైవరు ముకేష్ టోంగ్‌పాల్ మీదుగా తిప్పాడు. అక్కడ టీకి ఆగాం. పక్కకు ఆపిన లారీల మీద వాన చప్పుడు. వరాలు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"మావా, నీ రిటైరుమెంటు ఎప్పుడు?"

"2029 జూన్."

"క్వార్టరు కాళీ సేసేయాలి కదా. కోటలో ఇల్లు కట్టుకుందాం."

కోటంటే శృంగవరపుకోట. వాళ్ల అమ్మ ఊరు పక్కనే. "నేనక్కడ ఉండలేను. ఉక్క. జగదల్‌పూర్‌లో ఉందాం" అన్నాను.

"జగదల్‌పూర్లో ఏటున్నాది? కోటలో అయితే వెనకాల నాలుగు కొబ్బరి మొక్కలు ఏసుకోవచ్చు. ఎల్లిన యేడే పాతీసినామనుకో, ఐదారేళ్లకి కాపుకొస్తాయి. నీళ్లు నాను పోస్తాను, ఎక్కి దింపడానికి మనిసిని పెడదాం. నీకెక్కనివ్వను, ఎముకలిరుగుతాయి."

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. 2029కి ఐదారేళ్లు కలిపితే 2035. మూడేళ్లుగా ఈ మనిషి వచ్చే వానాకాలం దాటి ఒక్క రోజు గురించి కూడా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు టోంగ్‌పాల్ టీ కొట్టులో కూర్చుని 2035లో మొక్కలకు నీళ్లు పోస్తోంది.

"జగదల్‌పూరే" అన్నాను.

"నీకు మొండితనం ముదిరిపోనాది. సరే అనీసే మావా, పోద్ది కదా."

"అనను."

"ఎందుకనవు?"

ముకేష్ కారు దగ్గర్నుంచి వింటూ నవ్వుతున్నాడు. ఆమె కోపంగా గ్లాసు బల్ల మీద పెట్టి, కోటలో గాలి ఎలాంటిదో, నీళ్లు ఎలాంటివో, జగదల్‌పూర్‌లో ఏమేం లేవో ఒకటొకటిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆయాసం లేకుండా, ఆగకుండా, కిరందుల్ గేటు దాకా చెబుతూనే ఉంది.

నాకు కోట అంటే ఇష్టమే. కొబ్బరి చెట్లన్నా ఇష్టమే. కానీ ఇప్పుడే సరే అంటే ఈ గొడవ ఈ రోజుతో అయిపోతుంది. నాకిది నాలుగేళ్లు సాగాలి.